వచనానికీ సాధన కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కథలు రాయడం ఒకరు నేర్పితే వచ్చే విద్య కాదనీ, పుట్టుకతో అబ్బినవారికి అది దానంతట అదే వస్తుందనీ, అబ్బనివారు ఎన్ని కసరత్తులు చేసినా ప్రయోజనం లేదనీ చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్నీ, దాన్ని సమర్థిస్తూ తర్వాతి వారం వెలువడిన రెండు ఉత్తరాలనూ చదివాను. చాలా ఏళ్లుగా కథలు రాస్తూ, మొదట్లో రాసినవన్నీ వరసగా తిరిగి వస్తుంటే కారణం తెలియక తికమకపడిన మనిషిగా నేను ఆ అభిప్రాయంలో సగాన్ని మాత్రమే ఒప్పుకోగలను. లోకంలో దేన్ని పట్టించుకోవాలో, ఏది చూసి నిద్ర పట్టకుండా పోవాలో ఒకరికి మరొకరు నేర్పలేరన్నది నిజమే. అయితే అలా పట్టించుకున్నదాన్ని వాక్యంలో నిలబెట్టడం చేతిపని, ఏ చేతిపనికైనా సాధన ఉంటుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. కావ్యం పుట్టడానికి శక్తి (అంటే పుట్టుకతో వచ్చే ప్రతిభ), లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ పరిశీలించడం వల్ల కలిగే నిపుణత, కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసే అభ్యాసం కావాలని కావ్యప్రకాశంలో చెప్పిన సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు, ఆ మూడింటినీ కలిపి ‘హేతుః’ అని ఏకవచనంలోనే అన్నాడు. మూడు వేర్వేరు కారణాలు కావు, మూడూ కలిస్తేనే ఒక కారణం అని వ్యాఖ్యాతలు ఆ ఏకవచనాన్ని పట్టుకుని వివరిస్తారు. అంతకు ముందువాడైన దండి మరో అడుగు ముందుకు వేసి, అద్భుతమైన సహజ ప్రతిభ లేకపోయినా చదువుతోనూ ప్రయత్నంతోనూ కొలిచినవారిని వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహించే తీరుతుందని కావ్యాదర్శంలో భరోసా ఇచ్చాడు. మీ వ్యాసకర్త ఈ మూడింటిలో మొదటిదాన్ని మాత్రం ఉంచుకుని మిగిలిన రెండింటినీ వదిలేశారు.

పద్యం విషయంలో మనం ఈ పొరపాటు చేయలేదు. పద్యం రాయాలనుకున్నవారు గణాలు కట్టుకోవడం, యతి కుదుర్చుకోవడం, ఇచ్చిన సమస్యను పూరించడం, దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలను ఒకే పద్యంలో ఇమిడ్చడం ముందుగా అలవాటు చేసుకునేవారు. అవధానంలోని నిషిద్ధాక్షరి అయితే, పృచ్ఛకుడు అడుగడుగునా ఒక్కో అక్షరాన్ని అడ్డుకుంటూ పోగా కవి పక్కదారి వెతుక్కుంటూ పద్యాన్ని ముగించే కసరత్తే. ఇలాంటి నిషేధాన్నే వచనానికి పెట్టుకుని ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ తన భాషలో అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్న ‘e’ అక్షరం ఒక్కసారి కూడా రాకుండా ఒక పూర్తి నవల రాసి 1969లో ప్రచురించాడు. అది విని మనం ఆశ్చర్యపోతాం గానీ, ఆ పని మన అవధానుల పనికి దాయాది అని గుర్తు తెచ్చుకోం. సంగీతం నేర్చుకునేవారిని సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు దాటకుండా కీర్తన పాడమని ఎవరూ అడగరు. కథ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటి రోజే కచేరీ చేయమంటున్నాం. మాట్లాడటం వచ్చిన ప్రతివారికీ వచనం వచ్చినట్టే అనుకోవడం దీనికి మూలం కావచ్చునని నా అనుమానం.

నా సంగతే చెబుతాను. మొదట్లో నేను పంపిన పదకొండు కథలు తిరిగి వచ్చాయి. ప్రతిదానితోపాటు ‘ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాము’ అన్న ఒకే అచ్చు చీటీ ఉండేది. ఏ పత్రిక అన్నది ఇప్పుడు అనవసరం. ఆ చీటీ వల్ల నాకు కలిగిన నష్టం నిరాశ కాదు, అజ్ఞానం. కథలో ఏది చెడిందో తెలియక ప్రతిసారీ వస్తువును మార్చేవాణ్ణి, కష్టాలను పెంచేవాణ్ణి, చివర్లో ఒకరిని చంపేవాణ్ణి. పన్నెండో కథను ఒక పెద్దాయనకు చూపిస్తే ఆయన ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా, నాలుగో పేజీ మధ్యలో ఒక వాక్యం పక్కన పెన్సిలుతో గీత గీసి, ‘కథ ఇక్కడ మొదలైంది’ అని రాసి ఇచ్చేశారు. మొదటి మూడున్నర పేజీల్లో నేను నాయకుడి వంశం, చదువు, అతని ఇంటి ముందు చెట్టు, ఆ చెట్టు మీద సాయంత్రపు ఎండ, ఇవన్నీ వర్ణించి ఉన్నాను. అవన్నీ కొట్టేసి చదివితే పాఠకుడికి తెలియకుండా పోయినది ఏమీ లేదు. ఆధునిక తెలుగు కథకు తొలి అడుగుగా చాలామంది చెప్పుకునే గురజాడ ‘దిద్దుబాటు’ 1910లోనే అర్ధరాత్రి మూసి ఉన్న తలుపు ముందు, తెరవమని పిలిచే మాటతో నేరుగా మొదలైంది. పిలిచేది ఎవరు, ఇంత ఆలస్యం ఎందుకైంది అన్న ప్రశ్నలతో పాఠకుడు తానే లోపలికి వస్తాడు. ఆ కథను నేను అప్పటికి అయిదారుసార్లు చదివి ఉన్నాను. చదవడం ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ రోజు నుంచి ఏ కథ రాసినా చిత్తుప్రతిలోని మొదటి పేజీని విడిగా తీసి పక్కన పెట్టి, రెండో పేజీ నుంచి చదివి చూడటం నా మొదటి అభ్యాసమైంది.

రెండోది బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథలో దొరికింది. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు తనకు నచ్చిన పత్రికా వ్యాసాల్లోని ఒక్కో వాక్యానికి చిన్న చిన్న గుర్తులు రాసుకుని, కొన్ని రోజులు పక్కన పెట్టి, మూలం చూడకుండా ఆ గుర్తుల సాయంతో వ్యాసాన్ని తన మాటల్లో మళ్లీ రాసి, తర్వాత మూలంతో పోల్చి తన తప్పులు దిద్దుకునేవాడు. కొన్నిసార్లు ఆ గుర్తులను కలగాపులగం చేసి, కొన్ని వారాల తర్వాత వరస కుదుర్చుకునేవాడు. నేను ఈ పనిని నాకు ఇష్టమైన ఒక కథలోని రెండు పేజీలతో చేశాను. మూలంలో పందొమ్మిది వాక్యాలుంటే నావి ముప్పై దాటాయి. ఎక్కువైనవి ఏమిటా అని వెతికితే ‘అప్పుడు’, ‘ఆ తర్వాత’, ‘దాంతో’, ‘ఎందుకంటే’ అన్న మాటలతో మొదలైన వాక్యాలే కనిపించాయి. మూల రచయిత రెండు పనులను పక్కపక్కన పెట్టి ఊరుకున్న ప్రతిచోటా నేను మధ్యలో దూరి కారణం చెప్పాను. ఒక వ్యాధికి పేరు తెలియడం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. నా రాతలో నన్ను నేను అంత స్పష్టంగా ఏ విమర్శకుడి వల్లా చూడలేదు.

మూడో అభ్యాసం నిషిద్ధాక్షరి లాంటిదే, కాకపోతే ఇక్కడ నిషిద్ధమైనవి అక్షరాలు కావు, మాటలు. ఒక పేజీ మేర కోపం, బాధ, భయం, ప్రేమ, ఆనందం అన్న మాటలేవీ రాకుండా, అవి ఉన్న సన్నివేశాన్ని రాయాలి. ఈ నిషేధం పెట్టిన వెంటనే అందరూ ఒకే పక్కదారి పడతారు. ‘అతనికి కోపం వచ్చింది’ అనేవారు ‘అతని కళ్లు ఎర్రబడ్డాయి, పళ్లు పటపట కొరికాడు, పిడికిళ్లు బిగించాడు’ అంటారు. అది కూడా అరువు సరుకే. కాబట్టి రెండో నిషేధంగా శరీర భాగాలను కూడా తీసేయాలి. అప్పుడిక మిగిలేవి వస్తువులూ పనులూ మాత్రమే. అవమానకరమైన ఉత్తరం అందుకున్న మనిషి గురించి ఇలా ప్రయత్నించినప్పుడు మూడు రోజుల తర్వాత నాకు దొరికిన వాక్యం ఇది: ‘ఉత్తరాన్ని పాత మడతల మీదుగానే మళ్లీ మడిచి, కొత్త కవరులో పెట్టి అంటించి, పంపినవారి చిరునామాను గుండ్రటి అక్షరాలతో కవరు మీద రాసి, పొద్దున మరిచిపోకుండా చెప్పుల పక్కన పెట్టుకున్నాడు.’ ఇందులో కోపం అన్న మాట లేకపోయినా ఆ మనిషి ఎలాంటివాడో, అతని కోపం ఎంత చల్లగా ఎంత కాలం నిలుస్తుందో పాఠకుడికి తెలుస్తుందని నా నమ్మకం. అమెరికన్ రచయిత జాన్ గార్డ్‌నర్ విద్యార్థులకు పెట్టిన అభ్యాసం ఇంతకంటే కఠినమైనది. యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి చూపుతో ఒక పాత కొట్టాన్ని వర్ణించాలి గానీ కొడుకు, యుద్ధం, చావు అన్నవి ప్రస్తావనకు రాకూడదు. దుఃఖమంతా గడ్డి మీదా దూలాల మీదా వెలుతురు మీదా పడాలి. ఇప్పటికి నాలుగుసార్లు ప్రయత్నించాను, ఒక్కసారి కూడా తృప్తి కలగలేదు.

ఇక దృష్టికోణం గురించి కొంచెం వివరంగా రాయవలసి ఉంది. ఎవరి కంటితో కథ నడుస్తోందన్న విషయాన్ని మన విమర్శ వ్యాసాలు ఉత్తమ పురుష కథనం, ప్రథమ పురుష కథనం, సర్వసాక్షి కథనం అని మూడు పేర్లు పెట్టి అక్కడితో వదిలేస్తాయి. కానీ తెలుగులో ఈ వ్యవహారం సర్వనామంలోనే మొదలవుతుంది. ‘ఆయన కుర్చీలో కూర్చున్నారు’, ‘అతను కుర్చీలో కూర్చున్నాడు’, ‘వాడు కుర్చీలో కూర్చున్నాడు’ అన్న మూడు వాక్యాల్లో కూర్చున్న మనిషి ఒక్కడే, కుర్చీ ఒక్కటే. మారినది చెబుతున్నవారి వయసు, హోదా, మనసు. రచయిత తాను ఎవరి పక్షమూ కాదని ఎంత చెప్పుకున్నా తెలుగు వాక్యం ఆయన్ని ఏదో ఒక పక్కన నిలబెట్టకుండా పోనివ్వదు. అందుకని నేను చేసే అభ్యాసం ఏమిటంటే, ఒక పాత్రను ‘ఆయన’తో మొదలుపెట్టి, తిట్టు గానీ వ్యాఖ్యానం గానీ లేకుండా రెండు పేజీల్లో ‘వాడు’ దగ్గరికి తీసుకురావడం. ఏ వాక్యం దగ్గర సర్వనామం మారిందో పాఠకుడు వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి, వెతికినప్పుడు అక్కడ మారక తప్పదని అనిపించాలి. స్త్రీ పాత్రల దగ్గర ఈ అభ్యాసం రచయితను మరింత ఇరుకున పెడుతుంది. కుర్రవాణ్ణి ‘అతను’ అంటూ అదే వయసు పిల్లను ‘అది’ అన్న నా పాత కథలు రెండు ఉన్నాయి. అక్కడ అలా అన్నది పాత్ర కాదు, నేను.

ఇలాంటిదే మరొకటి, వాక్యం చివర చేరే చిన్న ‘ట’. ‘నిన్న రాత్రి అతను వచ్చాడు’ అంటే చెప్పేవారు చూశారు. ‘వచ్చాడట’ అంటే విన్నారు. ‘వచ్చినట్టున్నాడు’ అంటే గుమ్మంలో చెప్పులో మరొకటో చూసి ఊహించారు. ‘వచ్చే ఉంటాడు’ అంటే ఏమీ చూడకపోయినా అతని సంగతి ఎరుగుదురు. సాక్ష్యంలో ఇన్ని అంతస్తులను క్రియలోనే పలికించగల భాష చేతిలో ఉండి కూడా, ‘నేను’ అని మొదలైన కథల్లో ఆ ‘నేను’ తాను లేని గదిలో జరిగిన సంభాషణను అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంటే ఏమనాలి? ఈ తప్పు నేనూ చేశాను, మీ అనుబంధంలో వచ్చే కథల్లోనూ నెలకు ఒకటైనా కనిపిస్తుంది. దీనికి మందు సులభం. అయిదారు వాక్యాల సంఘటన ఒకటి రాసి, దాన్ని చూసినవారి మాటగా ఒకసారి, విన్నవారి మాటగా ఒకసారి, ఆనవాళ్లను బట్టి ఊహించినవారి మాటగా ఒకసారి తిరగరాయాలి. మూడోసారి రాసేటప్పటికి సంఘటన కంటే చెబుతున్న మనిషి ఎక్కువ ఆసక్తికరంగా తయారవుతాడు, చాలాసార్లు అసలు కథ అక్కడే దొరుకుతుంది. ఉత్తమ పురుష క్రియ తెలుగులో లింగం చెప్పదు కాబట్టి, ‘నేను’ ఆడో మగో చివరిదాకా తేలకుండా రాయడం మరో మంచి కసరత్తు. అయితే పాఠకుణ్ణి మోసం చేయడానికి దాన్ని వాడితే చవకబారుగా ఉంటుంది.

సంభాషణల గురించి ఒక్క ఉదాహరణతో సరిపెడతాను. ఇద్దరు మాట్లాడుకుంటారు. ఒకరికి డబ్బు కావాలి, రెండోవారికి ఆ సంగతి ముందే తెలుసు. డబ్బు, అప్పు, సాయం, అవసరం అన్న మాటలు రాకూడదు, ‘అన్నాడు’, ‘అడిగాడు’ అన్నవి ఉండకూడదు. ఇచ్చిన గడువు అరగంట.

‘ఇటువైపు పని పడింది. మిమ్మల్ని చూసి చాలా రోజులైంది కదా అని వచ్చాను.’

‘మంచిపని చేశారు, కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, కాలు విరిగింది.’

‘అయ్యో, బాగు చేయించలేదా?’

‘వచ్చే నెల చూడాలి. ఈ నెలవన్నీ వచ్చే నెలకే తోస్తున్నాం.’

అడగకముందే జవాబు అయిపోయింది. ఎవరు ఏ మాట అన్నారో చెప్పకపోయినా తికమక లేదు. మన భాషలో గారు, అండి, రా, ఏమే, ఒరేయ్ అన్న పిలుపులు కూడా ఆ పని చేసిపెడతాయి కాబట్టి, పాత్ర నోరు విప్పిన ప్రతిసారీ ‘అంది ఆవేదనగా’, ‘అన్నాడు వ్యంగ్యంగా’ అని తోక తగిలించవలసిన అగత్యం నిజానికి మనకు తక్కువ. వ్యంగ్యం మాటలో ఉంటే తోక దండగ, మాటలో లేకపోతే తోక తేలేదు.

మిగిలిన అభ్యాసాలు ఇంత వివరణ అక్కర్లేనివి. ఒకే సంఘటనను వేర్వేరు గొంతులతో చెప్పడం మంచిది; బస్సులో జరిగిన చిన్న తగువునూ, ఆ మనిషే తర్వాత మళ్లీ కనిపించడాన్నీ ఫ్రెంచి రచయిత రేమోఁ కెనో 99 రకాలుగా చెప్పి 1947లో పుస్తకంగా తెచ్చాడు గానీ మనకు అయిదు రకాలు చాలు. ముగింపును పలుసార్లు తిరగరాయడం మంచిది. ఒక నవల చివరి పేజీని ముప్పై తొమ్మిదిసార్లు రాశానని హెమింగ్వే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. రాసినదాన్ని బిగ్గరగా చదువుకోవడం వీటన్నిటికంటే మంచిది, ఖర్చు లేనిది, అయినా ఎందుకో అందరూ సిగ్గుపడేది.

అయితే ఈ మధ్య తరచుగా వినబడుతున్న ‘చెప్పకు, చూపించు’ అన్న సూత్రాన్ని మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోను. పైన కోపాన్ని చెప్పకుండా చూపించమన్నవాణ్ణే అయినా, ప్రతిదాన్నీ చూపించబోతే కథ అడుగు కదలదు. ‘తర్వాతి పదేళ్లలో వాళ్లు మూడు ఇళ్లు మారారు, మూడిటిలోనూ అదే గొడవ పడ్డారు’ అన్న వాక్యం చెప్పడమే, అయినా అది మూడు సన్నివేశాల పెట్టు. ఎక్కడ ఆగి చూపించాలి, ఎక్కడ ఒక్క వాక్యంతో దాటేయాలి అన్న వివేకం సూత్రం వల్ల రాదు. ఒకే కథను ఒకసారి అంతా సన్నివేశాలుగా, ఒకసారి అంతా సంక్షిప్తంగా రాసి, రెంటినీ ఎదురెదురుగా పెట్టుకుంటే మూడోసారి రాసేటప్పుడు కొంత తెలుస్తుంది.

కసరత్తులు యాంత్రికమైన రాతగాళ్లను తయారుచేస్తాయని మీ ఉత్తరాల రచయితల్లో ఒకరు భయపడ్డారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. నేనే ఒక ఏడాది పొడుగునా అభ్యాసాలు రాసి నోటు పుస్తకాలు నింపి, ఒక్క కథ కూడా పూర్తి చేయకుండా, ఏదో సాధించినట్టు తిరిగాను. కథ రాయడానికి ధైర్యం చాలనివారికి అభ్యాసం మంచి దాపు. అందుకని ఇప్పుడు నాకు నేను పెట్టుకున్న నియమం, చేతిలో ఒక కథ ఉన్నప్పుడే ఆ కథలో చెడినచోటికి సంబంధించిన అభ్యాసం చేయడం. సంభాషణ కుంటితే సంభాషణ, ఎత్తుగడ కుదరకపోతే ఎత్తుగడ. కాలు బెణికినవాడు చేతికి కట్టు కట్టుకోడు కదా.

తమకు నా విన్నపం ఇది. ఏటా కథల పోటీలు పెట్టి బహుమతులు ఇవ్వడానికి కేటాయిస్తున్న పేజీల్లో వారానికి పావు పేజీ అభ్యాసానికి ఇవ్వండి. ఒక వారం ఒక కసరత్తు ప్రకటించి, రెండు వారాల తర్వాత పాఠకులు పంపినవాటిలో బాగా కుదిరినది ఒకటీ, కుదరక చెడినది ఒకటీ, రెండో దాని రచయిత పేరు వేయకుండా వారి అనుమతితో, సంపాదకుల దిద్దుళ్లతో సహా అచ్చువేయండి. చెడినదాని వల్లే ఎక్కువమందికి మేలు జరుగుతుందని నా అనుభవం. తిప్పి పంపే కథల విషయంలో కారణాలన్నీ రాసే తీరిక ఎవరికీ ఉండదని నాకు తెలుసు, కాబట్టి పూర్తిగా చదివిన కథకు కనీసం చదవడం విసుగనిపించినచోట పెన్సిలుతో ఒక గీత గీసి పంపగలిగితే చాలు. మొదటి వారానికి అభ్యాసం నన్నే సూచించమంటే, ఒక మనిషి ఒక గదిలోకి వచ్చి, ఒక వస్తువు తీసుకుని వెళ్లిపోవడాన్ని నూట యాభై మాటల్లో మూడుసార్లు రాయమంటాను: ఒకసారి ‘ఆయన’తో, ఒకసారి ‘అతను’తో, ఒకసారి ‘వాడు’తో.

భవదీయుడు,
మీ అనుబంధం పాఠకుడు, కథా రచయిత